చట్టమునకు కాలనిర్ణయము: కంపెనీ శాసన సంస్కరణల దశలవారీ అమలును గూర్చి ఒక సమీక్ష

ఒక శాసనము ఎట్లుండవలెనను విషయమై మన దేశమున జరిగినంత చర్చ, ఆ శాసనము ఏనాడు, ఏ వరుసలో, ఎవరి ముంగిటికి ముందుగా, ఎవరి ముంగిటికి వెనుకగా రావలెనను విషయమై జరుగలేదు. బిల్లు పార్లమెంటులో ఉన్నన్నాళ్లు దాని ప్రతి పదమును స్థాయీసంఘములు పరిశీలించును, పత్రికలు వ్యాఖ్యానించును, వర్తక మండలులు వినతిపత్రములు సమర్పించును. రాష్ట్రపతి ఆమోదముద్ర పడిన పిమ్మట ఆ కోలాహలమంతయు అణగిపోవును. కొన్నాళ్లకు గెజిటునందు ఒక చిన్న ప్రకటన వెలువడి, ఫలానా సెక్షన్లు ఫలానా తేదీనుండి అమలులోనికి వచ్చునని చెప్పును. ఏండ్ల తరబడి ఆలోచించి వ్రాసిన శాసనమునకు ప్రాణము పోయునది ఆ నాలుగు పంక్తుల ప్రకటనయే. వ్యాపారి దైనందిన జీవితమును తాకునదియు అదియే. కంపెనీ చట్ట సంస్కరణల విషయమున ఈ కాలనిర్ణయము ఇంతవరకు ఎట్లు జరిగినది, ఎచ్చట సత్ఫలితమునిచ్చినది, ఎచ్చట క్లేశము కలిగించినది, ఇకముందు ఎట్లు జరుగవలెను అను ప్రశ్నలను పరిశీలించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

దశలవారీ అమలు అను పద్ధతి స్వతః నింద్యము కాదు. పెద్ద శాసనముల విషయమున అది అనివార్యము. ఆనకట్ట పూర్తియైన దినముననే తూములన్నియు ఒక్కసారి ఎత్తినచో ఏమగునో కృష్ణా, గోదావరి డెల్టాల రైతులకు ఎవరును చెప్పవలసిన పనిలేదు. పెద్దకాలువ త్రవ్వి, పిల్లకాలువలకు గట్లు వేసి, బోదెలు సరిచేసిన పిమ్మట వదలిన నీరే పంటనిచ్చును. అంతకుముందు వచ్చిన నీరు గండ్లు కొట్టును. కాలువలన్నియు సిద్ధమైనను తూము ఎత్తక జాగు చేసినచో నారుమళ్లు ఎండిపోవును. కంపెనీ చట్టమునకు సైతము ఇట్టి కాలువలు కలవు. దానికి నియమములు కావలెను. దరఖాస్తు ఫారములు కావలెను. రిజిస్ట్రారు కార్యాలయమున కంప్యూటరు వ్యవస్థ కావలెను. తగవులు తీర్చు న్యాయపీఠము కావలెను. వీటన్నిటికంటె ముందుగా చట్టమును చదివి అర్థము చేసికొనుటకు డైరెక్టరుకును, ఆడిటరుకును, లెక్కలు వ్రాయు గుమాస్తాకును కొంత వ్యవధి కావలెను. కావున ఆ దశలు ఎవరి సన్నద్ధతను బట్టి ఏర్పడవలెను, వాటిని ఎవరు నిర్ణయింపవలెను, ఎంత ముందుగా ప్రకటింపవలెను అనునవే ఇచ్చట విచారింపదగిన విషయములు.

మన కంపెనీ శాసన చరిత్రయే ఒక విధముగా దశల చరిత్ర. 1850లో ఉమ్మడి వాటా కంపెనీల నమోదుకు తొలి చట్టము వచ్చెను. వాటాదారుని బాధ్యత అతడు తీసికొన్న వాటా మేరకే పరిమితమను సూత్రము 1857లో ప్రవేశించెను. అయినను బ్యాంకులకు ఆ సౌకర్యమును 1860లో గాని కల్పింపలేదు. తదనంతరము 1866, 1882, 1913 సంవత్సరములలో చట్టములు ఒకదాని స్థానమున ఒకటి వచ్చినవి. స్వాతంత్ర్యానంతరము 1950లో సి. హెచ్. భాభా అధ్యక్షతన ఏర్పడిన సంఘము 1952లో తన నివేదికను సమర్పించెను. దాని ఫలితమైన 1956 నాటి కంపెనీల చట్టము 658 సెక్షన్ల బృహద్గ్రంథమై, ఆ సంవత్సరము ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చెను.

ఆ చట్టమునందు నేటివారు శ్రద్ధగా గమనింపదగిన అంశమొకటి కలదు. ఆనాడు మన పరిశ్రమలలో అధికభాగము మేనేజింగు ఏజెంట్ల చేతిలో ఉండెను. ఆ పద్ధతివలన లోపములెన్ని ఉన్నను, దానిని ఒక్క వ్రేటుతో నరికివేసినచో మిల్లులు, గనులు, తోటలు యజమానిలేని ఇండ్లవలె మిగిలిపోవునను భయముండెను. శాసనకర్తలు అప్పుడు చేసినదేమనగా, అప్పటికే నియుక్తులైయున్న ఏజెంట్ల పదవీకాలము 1960 ఆగస్టు 15తో ముగియవలెనని చట్టములోనే తేదీ వ్రాసిరి. ఆ తేదీ పిమ్మట ఏ ఏజెంటును పది కంపెనీలకు మించి నిర్వహింపరాదని పరిమితి విధించిరి. తుదకు 1969 నాటి సవరణ ననుసరించి 1970 ఏప్రిల్ 3 నుండి ఆ పద్ధతియే రద్దయ్యెను. ఒక శతాబ్దమునకు పైగా వ్రేళ్లూనుకొన్న వ్యవస్థ పదునాలుగేండ్లలో తొలగిపోయినది. గడువు చట్టముననే కనబడుచుండుటవలన ఎవరును తమకు తెలియదని చెప్పుటకు వీలు లేకపోయెను. దశలవారీ సంస్కరణకు ఇంతకంటె స్పష్టమైన స్వదేశీయోదాహరణము మనకు దొరకదు.

ఇక వర్తమాన శాసనమునకు వత్తము. 2004 డిసెంబరులో డాక్టరు జె. జె. ఇరానీ అధ్యక్షతన ఏర్పడిన నిపుణుల సంఘము 2005లో నివేదికనిచ్చెను. 2008 అక్టోబరులో క్రొత్త బిల్లు లోక్‌సభ ముందుకు వచ్చెను. అది అట్లుండగానే 2009 జనవరి 7న హైదరాబాదు నగరమునుండి వెలువడిన ఒక లేఖ దేశమును దిగ్భ్రాంతము చేసినది. సత్యం కంప్యూటర్స్ అధ్యక్షుడు తన కంపెనీ లెక్కలలో చూపిన నగదు, బ్యాంకు నిల్వలలో ఐదువేల కోట్ల రూపాయలకు పైబడిన మొత్తము అసలు లేనే లేదని స్వహస్తముతో ఒప్పుకొనెను. తెలుగునాట వేలాది కుటుంబముల బిడ్డలు పనిచేయుచున్న సంస్థ అది. వారి జీతములు, వారిని చూచి అప్పులిచ్చిన బ్యాంకులు, ఆ షేర్లలో తమ పొదుపును పెట్టిన ఉపాధ్యాయులు, ఉద్యోగులు, పింఛనుదారులు అందరును ఒక్క ఉదయముననే అగాధపు అంచున నిలిచిరి. ఆడిటరును ఎవరు నిలదీయవలెను, స్వతంత్ర డైరెక్టరు దేనికి బాధ్యుడు, మోసపోయిన వాటాదారు ఎవరి తలుపు తట్టవలెనను ప్రశ్నలు ఆ దినమునుండి గ్రంథములను వదలి వీధికి వచ్చినవి. లోక్‌సభ గడువు ముగియుటచే ఆ బిల్లు రద్దయ్యెను. 2009లో మరల ప్రవేశపెట్టబడెను. స్థాయీసంఘ పరిశీలనానంతరము 2011లో మరియొక రూపము దాల్చెను. 2012 డిసెంబరులో లోక్‌సభయు, 2013 ఆగస్టు 8న రాజ్యసభయు దానిని ఆమోదించినవి; ఆగస్టు 29న రాష్ట్రపతి సంతకము చేసిరి. 470 సెక్షన్లు, 7 షెడ్యూళ్లు గల ఈ చట్టమున ఆ క్షణముననే అమలులోనికి వచ్చినది మొదటి సెక్షను ఒక్కటియే. మిగిలిన వాటికి వేర్వేరు తేదీలను నిర్ణయించు అధికారమును ఆ సెక్షనే కేంద్రప్రభుత్వమునకు దఖలుపరచెను.

ఆ అధికారము తొలిసారి వినియోగింపబడిన తీరు చూడుడు. 2013 సెప్టెంబరు 12న వెలువడిన ప్రకటన 98 సెక్షన్లను ఆ దినమునుండియే అమలుపరచెను. ముందురోజు రాత్రి వరకు న్యాయసమ్మతమైన వ్యవహారము మరునాటి ఉదయమునకు నేరమైన సందర్భములు అందు కొన్ని కలవు. 185వ సెక్షను వీటిలో ప్రముఖము. డైరెక్టర్లకును, వారికి సంబంధించిన సంస్థలకును కంపెనీ అప్పులీయరాదు, హామీలుండరాదు అనునది దాని సారాంశము. పాత చట్టమునందలి 295వ సెక్షను సామాన్యముగా ప్రైవేటు కంపెనీలకు వర్తించెడిది కాదు. క్రొత్త సెక్షను అందరికిని వర్తించెను. విజయవాడ ఆటోనగరులో విడిభాగములు తయారుచేయు ఒక కుటుంబము రెండు ప్రైవేటు కంపెనీలు నడుపుచున్నదనుకొందము. ఒకదానికి బ్యాంకు అప్పు కావలసినప్పుడు రెండవది హామీ ఉండుట, ఒకదానికి చేయి ఇరుకైనప్పుడు రెండవది సర్దుట ఆ కుటుంబమునకు తరతరముల ఆచారము. సెప్టెంబరు 12 నాటి ప్రకటనతో అట్టి క్రొత్త హామీయో, క్రొత్త అప్పో కంపెనీకి 5 లక్షలనుండి 25 లక్షల వరకు జరిమానాకును, డైరెక్టరుకు ఆరుమాసముల వరకు ఖైదుకును దారితీయగలదయ్యెను. ఆ నిషేధమునకు హేతువు లేకపోలేదు. ఇతరుల సొమ్మును డైరెక్టర్లు తమ జేబులోనికి మళ్లించుకొనుట మన దేశమున అపూర్వము కాదు. అయినను ఇతరుల సొమ్మే లేని ఇంటి కంపెనీకిని, లక్షలాది వాటాదారులు గల మహాసంస్థకును ఒక్కనాడే ఒక్క మాటతో అది వర్తించుట న్యాయమేనా యని ఆలోచింపవలసియున్నది.

అదే దినమున వచ్చిన 180వ సెక్షను కథయు గమనింపదగినదే. కంపెనీ తన మూలధనమునకును నిల్వలకును మించి అప్పు తెచ్చుటకు పాత చట్టమున సామాన్య తీర్మానము చాలియుండెను. క్రొత్త చట్టము ప్రత్యేక తీర్మానమును, అనగా మూడువంతుల ఆధిక్యమును కోరెను. అంతకుముందు చేసిన తీర్మానముల గతియేమి? బ్యాంకులు పాత తీర్మానములను అంగీకరింపవలెనా? ఈ ప్రశ్నకు సమాధానము 2014 మార్చి 25న, అనగా ఆరుమాసములు గడచిన పిమ్మట, ఒక సర్క్యులరు రూపమున వచ్చెను: పాత తీర్మానములు 2013 సెప్టెంబరు 12 నుండి ఒక్క సంవత్సరము చెల్లునని. అప్పటికి ఆ సంవత్సరములో సగము గడచిపోయియుండెను.

ఇందులో ఒక సూక్ష్మము కలదు. క్రొత్త బాధ్యతను అమలుపరచుటకు ప్రభుత్వమునకు ఒక్క గెజిటు ప్రకటన చాలును. ఆ బాధ్యతనుండి ఒక తరగతి కంపెనీలను మినహాయింపవలెనన్న, 462వ సెక్షను ననుసరించి, ముసాయిదాను పార్లమెంటు ఉభయసభల ముందు ముప్పది దినములుంచవలెను. ప్రైవేటు కంపెనీలకు మినహాయింపుల ముసాయిదా 2014 జూనులో సిద్ధమైనను, తుది ప్రకటన 2015 జూన్ 5న గాని వెలువడలేదు. 185వ సెక్షనునుండి, అదియును కొన్ని షరతులతో, కొన్ని ప్రైవేటు కంపెనీలకే విముక్తి లభించుటకు ఇరువదియొక్క మాసములు పట్టెను. ఆ సెక్షను సమూలముగా తిరుగవ్రాయబడి 2018 మే 7 నుండి అమలులోనికి వచ్చుటకు నాలుగున్నరయేండ్లకు పైగా పట్టెను. మినహాయింపులను పార్లమెంటు పరిశీలించుట మంచిదే. కాని ఆ పరిశీలన బాధ్యతల ప్రారంభమునకు సైతము వర్తించియుండినచో, ఆటోనగరు కంపెనీవంటివి ఇంత కాలము సందిగ్ధమున పడియుండెడివి కావు.

రెండవ దశ 2014 ఏప్రిల్ 1. ఈ మారు 183 సెక్షన్లకు సంబంధించిన ప్రకటన మార్చి 26న వెలువడెను; అనగా వ్యవధి ఆరు దినములు. ముసాయిదా నియమములను అంతకు కొన్ని నెలల ముందునుండియే ప్రజాభిప్రాయమునకు ఉంచిన మాట నిజము, అది ప్రశంసనీయము. కాని తుది నియమములలో అధికభాగము మార్చి చివరి దినములలో గాని గెజిటుకెక్కలేదు. క్రొత్త ఫారములలో పెక్కింటిని దాఖలు చేయు సౌకర్యము ఏప్రిల్ చివరివారమునకు గాని కలుగలేదు. చట్టము ఏప్రిల్ 1న వచ్చినది, దానిని పాటించు సాధనము నెలాఖరున వచ్చినది. ఏప్రిల్ 4న వెలువడిన సర్క్యులరు, అంతకు ముందరి ఆర్థిక సంవత్సరపు లెక్కలకు పాత చట్టమే వర్తించునని చెప్పి కొంత ఊరట కలిగించెను. పాత చట్టమును రద్దుచేయు 465వ సెక్షను 2019 జనవరి 30న గాని అమలులోనికి రాలేదు. ఐదేండ్లకు పైగా రెండు చట్టములు ఒకే కప్పు క్రింద కాపురముండగా, ఏ విషయమునకు ఏది వర్తించునో చెప్పుటయే న్యాయవాదులకును, కంపెనీ సెక్రటరీలకును ఒక ప్రత్యేక విద్యయయ్యెను.

న్యాయము చెప్పవలెనన్న, ఇదే చట్టమునందు కాలక్రమము చక్కగా పాటింపబడిన ఘట్టములును కలవు. ఆడిటరు ఏండ్ల తరబడి ఒకే కంపెనీ లెక్కలు చూచుచు యజమానితో చుట్టరికము కలుపుకొనరాదను ఉద్దేశముతో, 139వ సెక్షను వ్యక్తికి ఐదేండ్లు, సంస్థకు ఐదేండ్లు చొప్పున వరుసగా రెండు పర్యాయములని పరిమితి విధించెను. అప్పటికే అంతకు మించిన కాలము గడపినవారు తప్పుకొనుటకు మూడేండ్ల గడువు చట్టమునందే ఇచ్చెను. కంపెనీలు క్రొత్తవారిని వెదకికొనుటకును, పాతవారు దస్త్రములు అప్పగించుటకును ఆ వ్యవధి సరిపోయెను. పెద్ద కంపెనీల బోర్డులలో కనీసము ఒక స్త్రీ డైరెక్టరు ఉండవలెనను నిబంధనకు ఒక్క సంవత్సరపు గడువు కలదు.

అన్నిటికంటె శ్లాఘనీయమైనది లెక్కల ప్రమాణముల విషయము. అంతర్జాతీయ ప్రమాణములకు అనుగుణమైన క్రొత్త భారతీయ లెక్కల పద్ధతిని 2011లో ప్రవేశపెట్టుటకు జరిగిన తొలి ప్రయత్నము, ప్రమాణములను ప్రకటించి అమలు తేదీని ప్రకటింపకపోవుటచే ఆగిపోయెను. రెండవ ప్రయత్నము వేరు తీరున సాగెను. 2015 ఫిబ్రవరిలో నియమములు వెలువడినవి. ఇష్టపడినవారు ఆ ఏప్రిల్ నుండియే ఆ పద్ధతిని అవలంబింపవచ్చుననిరి. 500 కోట్ల రూపాయలు, అంతకు మించి నికర విలువ గల కంపెనీలు 2016 ఏప్రిల్ 1 నుండియు, స్టాకు మార్కెటులో నమోదైన ఇతర కంపెనీలును, 250 కోట్లకు తక్కువ కాని నికర విలువ గల నమోదుకాని కంపెనీలును 2017 ఏప్రిల్ 1 నుండియు తప్పక అవలంబింపవలెననిరి. ఓపిక గలవాడు ముందు నడచినాడు. అతని వెనుక బాట ఏర్పడినది. ఆ బాట వెంట చిన్నవాడు నడచినాడు. పెద్ద కంపెనీల వద్ద పనిచేసి నేర్చిన లెక్కలవారే మరుసటి యేట చిన్న కంపెనీలకు గురువులైరి.

సామాజిక బాధ్యతను గూర్చిన 135వ సెక్షను మరియొక విధమగు క్రమమునకు ఉదాహరణము. 500 కోట్ల నికర విలువ గాని, 1000 కోట్ల టర్నోవరు గాని, 5 కోట్ల నికర లాభము గాని గల కంపెనీ తన గత మూడేండ్ల సగటు లాభములో నూటికి రెండు వంతులు సమాజహితమునకు వ్యయము చేయవలెనని 2014 ఏప్రిల్ నుండి విధింపబడెను. తొలి సంవత్సరములలో వ్యయము చేయనివారు కారణము చెప్పినచో చాలును. 2021 జనవరి 22 నుండి మిగిలిన సొమ్మును ప్రత్యేక ఖాతాకో, నిర్దిష్ట నిధికో బదలాయించుట తప్పనిసరియయ్యెను. ముందు ధర్మమును బోధించి, అలవాటు కల్పించి, పిమ్మట శాసించుట ఇందలి విశేషము.

ఇక ఆలస్యము వైపు చూడవలెను. కంపెనీ తగవులకై ఒక జాతీయ ట్రిబ్యునలు ఏర్పడవలెనను నిబంధన 2002 నాటి సవరణ చట్టముననే కలదు. రాజ్యాంగసమ్మతిని గూర్చిన వ్యాజ్యములు 2010లోను, మరల 2015 మే నెలలోను సుప్రీంకోర్టులో తీర్పు పొందిన పిమ్మట, 2016 జూన్ 1న గాని ఆ ట్రిబ్యునలు కన్ను తెరువలేదు. తొలినాటి పదునొకండు పీఠములలో హైదరాబాదు పీఠమొకటి. వాటాదారులు పలువురు ఏకమై కంపెనీపైనను, ఆడిటరుపైనను ఉమ్మడి వ్యాజ్యము వేయు హక్కును ప్రసాదించు 245వ సెక్షను సైతము ఆ ట్రిబ్యునలు రాకకై వేచియుండి అదే దినమున అమలులోనికి వచ్చెను. సత్యం వ్యవహారమున అమెరికాలోని మదుపుదారులు అచ్చటి ఉమ్మడి వ్యాజ్య పద్ధతిద్వారా 2011లో ఆ కంపెనీనుండి 12.5 కోట్ల డాలర్ల పరిహారమునకు ఒప్పందము పొందిరి. ఈ గడ్డపై అవే షేర్లు కొన్న మన మదుపుదారులకు అట్టి మార్గమే లేకుండెను. ఆడిటర్లపై విచారణ జరుపు జాతీయ సంస్థను గూర్చిన 132వ సెక్షను చట్టములో 2013లోనే వ్రాయబడినను, ఆ సంస్థ 2018 అక్టోబరు 1న గాని ఏర్పడలేదు. సత్యం లేఖ వెలువడిన దినమునుండి లెక్కించిన దాదాపు పదేండ్లు.

ఈ రెండు వైపులను ప్రక్కప్రక్కన నిలిపి చూచినప్పుడు ఒక కటువైన సత్యము గోచరించును. అమలు క్రమము ముందాలోచనతో నిర్మింపబడని చోట, తొందరపాటు భారమంతయు చిన్న కంపెనీపై పడినది. జాగువలన కలిగిన లాభము పెద్ద పదవులలో ఉన్నవారికి చేరినది. ఇట్లు చేయవలెనని ఎవరును సంకల్పించిరని నేననను. బాధ్యతను మోపుటకు కాగితము చాలును, పెద్దవారిని నిలదీయుటకు సంస్థ కావలెను. కాగితము త్వరగా తయారగును, సంస్థ నెమ్మదిగా తయారగును. క్రమమును దాని మానాన వదలివేసినచో ఈ ఫలితమే కలుగును.

డైరెక్టర్ల అనర్హతకు సంబంధించిన ఉదంతము ఈ సత్యమునకు మరియొక సాక్ష్యము. వరుసగా మూడు ఆర్థిక సంవత్సరముల లెక్కలు గాని, వార్షిక రిటర్నులు గాని దాఖలు చేయని కంపెనీ డైరెక్టరు ఐదేండ్లు అనర్హుడగునని 164వ సెక్షను చెప్పుచున్నది. పాత చట్టమున ఈ శిక్ష పబ్లికు కంపెనీల డైరెక్టర్లకే వర్తించెడిది. 2017లో ప్రభుత్వము నామమాత్రపు కంపెనీలపై చర్య ప్రారంభించి, రెండు లక్షలకు పైగా కంపెనీల పేర్లను రిజిస్టరునుండి కొట్టివేసి, మూడు లక్షలకు పైగా డైరెక్టర్లను అనర్హులుగా ప్రకటించినప్పుడు, లెక్కలోనికి తీసికొన్న సంవత్సరములలో క్రొత్త చట్టము రాకముందరివియు చేరినవి. నల్లధనపు ముసుగు కంపెనీలను ఏరివేయుట అవసరమైన కార్యమే. కాని శిక్ష ఎన్నటినుండి లెక్కింపవలెనను ప్రశ్న నానా హైకోర్టులకు చేరెను. తెలంగాణ హైకోర్టు సైతము 2019లో, కర్ణాటక, మద్రాసు మున్నగు హైకోర్టుల మార్గముననే, ఆ సెక్షను 2014 ఏప్రిల్ 1 తరువాతి ఆర్థిక సంవత్సరములకే వర్తించునని నిర్ణయించెను. పరివర్తనమును గూర్చి చట్టమున ఒక స్పష్టమైన వాక్యమున్నచో వేలాది వ్యాజ్యములు పుట్టకయే పోయెడివి.

తేదీని ప్రకటించి, సమీపించినప్పుడు వాయిదా వేయుట ఇటీవలి మరియొక రుగ్మత. లెక్కల సాఫ్టువేరులో ప్రతి దిద్దుబాటు జాడయు నిలిచియుండవలెనను నియమము 2021 మార్చి చివర వెలువడి, వారము దినములలో అమలు కావలసియుండెను. అది 2022 ఏప్రిల్ 1కిని, పిమ్మట 2023 ఏప్రిల్ 1కిని మారెను. ఆడిటరు నివేదికను గూర్చిన 2020 నాటి ఆజ్ఞ రెండు మారులు జరిగి 2021-22 ఆర్థిక సంవత్సరమునుండి వర్తించెను. చిన్నవి కాని ప్రైవేటు కంపెనీల షేర్లను ఎలక్ట్రానిక్ రూపమునకు మార్చు గడువు 2024 సెప్టెంబరు 30 నుండి 2025 జూన్ 30కి పోయెను. వాయిదా వ్యాపారికి దయయే యని పలువురు తలంతురు. నిజమునకు గడువును నమ్మి ముందుగానే ఖర్చుపెట్టి సిద్ధపడినవాడు ఇందు నష్టపోవును. ఏమియు చేయక కూర్చున్నవాడు లాభపడును. ఇట్లు రెండు మూడు మారులు జరిగినచో, ప్రభుత్వపు తేదీ జరుగుటకే ఉన్నదను అభిప్రాయము బజారున స్థిరపడును. మంత్రిత్వశాఖ కంప్యూటరు వ్యవస్థను క్రొత్త రూపమునకు మార్చిన 2023 జనవరిలో దాఖలులు స్తంభించి, అదనపు రుసుము లేకుండ గడువు పెంపవలసివచ్చిన సంగతియు ఈ కోవలోనిదే.

పరదేశములలో సైతము ఈ చిక్కులు లేకపోలేదు. బ్రిటను 1300 సెక్షన్ల కంపెనీల చట్టమును 2006 నవంబరు 8న ఆమోదించి, 2007 జనవరి నుండి 2009 అక్టోబరు వరకు దాదాపు మూడేండ్లలో అంచెలంచెలుగా అమలుపరచెను. వ్యాపారములకు సంబంధించిన క్రొత్త నిబంధనలు సాధ్యమైనంతవరకు ఏప్రిల్ 6, అక్టోబరు 1 అను రెండు తేదీలలోనే ప్రారంభము కావలెనను సంప్రదాయమును వారు పాటించిరి. కంపెనీల కార్యాలయపు యంత్రాంగము సిద్ధము కాలేదని తెలిసినప్పుడు తుది దశను ఒక సంవత్సరము వెనుకకు జరిపిరి. కాని ఆ సంగతిని పదిమాసములకు పైగా ముందుగానే ప్రకటించిరి. ఆర్థిక నేరముల నివారణకై 2023 అక్టోబరులో వారు చేసిన చట్టమునందు డైరెక్టర్ల గుర్తింపు ధ్రువీకరణ 2025 ఏప్రిల్ 8 నుండి ఐచ్ఛికముగాను, నవంబరు 18 నుండి నిర్బంధముగాను ప్రారంభమై, అప్పటికే ఉన్న డైరెక్టర్లకు పండ్రెండు మాసముల సర్దుబాటు కాలము ఈయబడినది. వారును జాప్యము చేసినారు. అయినను వ్యాపారికి ముందుగా చెప్పి చేసినారు.

తేదీని చట్టములోనే వ్రాసినచో ప్రభుత్వమునకు కాలోచిత స్వేచ్ఛ నశించునని, ఊహింపని అవాంతరము వచ్చినప్పుడు మరల పార్లమెంటుకు పోవలసివచ్చునని ఒక ఆక్షేపణ కలదు. అందు బలము లేకపోలేదు. కాని హద్దులేని స్వేచ్ఛ ఎచ్చటికి పోవునో మన రాజ్యాంగ చరిత్రయే చెప్పుచున్నది. 1978 నాటి 44వ సవరణలో నివారక నిర్బంధమునకు సంబంధించిన 3వ సెక్షనును ప్రభుత్వము నిర్ణయించు తేదీకి వదలిరి. ఆ తేదీ రానేలేదు. 1981 డిసెంబరులో ఎ. కె. రాయ్ వ్యాజ్యమున రాజ్యాంగ ధర్మాసనము, అమలు పరచుమని ప్రభుత్వమును ఆజ్ఞాపింపజాలనని చెప్పవలసివచ్చెను. పార్లమెంటు చేసిన శాసనమునకు ప్రాణము పోయుటయో మానుటయో పాలకుని ఇచ్ఛయందుండుట ప్రజాస్వామ్యమునకు శోభనీయము కాదు.

ఈ పరిశీలననుబట్టి నాకు తోచిన నిర్ణయములను విన్నవింతును. ప్రతి కంపెనీ సవరణ బిల్లుతోపాటు ఒక అమలు పట్టిక పార్లమెంటు ముందుండవలెను. అందు ఏ నిబంధన ఏ తరగతి కంపెనీకి ఏ తేదీనుండి వర్తించునో, ఏ సంస్థ, ఏ నియమము, ఏ ఫారము అందుకు ముందుగా సిద్ధము కావలెనో స్పష్టముగా ఉండవలెను. అవి సిద్ధము కానిదే ఏ సెక్షనును ప్రారంభింపరాదు. సంవత్సరమునకు ఏప్రిల్ 1, అక్టోబరు 1 అను రెండు తేదీలు చాలును. వాటిలో మొదటిది మన ఆర్థిక సంవత్సరముతో కలసివచ్చును. పెద్ద కంపెనీలకు ప్రకటన వెలువడిన ఆరుమాసములకును, చిన్న కంపెనీలకు మరియొక సంవత్సరము పిమ్మటను బాధ్యత ప్రారంభము కావలెను. తేదీ మారవలసివచ్చినచో కారణమును సభాముఖమున చెప్పవలెను. బాధ్యత మోపుట ఎంత సులభమో, అనుచిత బాధ్యతనుండి విడిపించుటయు అంత సులభము కావలెను. మోసమునకు సంబంధించిన నిబంధనలకు మాత్రము ఏ వ్యవధియు అక్కరలేదు. దొంగతనము మానుటకు ఎవనికిని గడువీయవలసిన పనిలేదు.

మన శాసనసభ్యులకును, వర్తక మండలులకును, చార్టర్డు అకౌంటెంట్లకును, కంపెనీ సెక్రటరీలకును నా మనవి ఒక్కటియే. మరల ఒక కంపెనీ సవరణ బిల్లు చర్చకు వచ్చినప్పుడు, అందేమున్నదను ప్రశ్నతో తృప్తిపడక, అది ఎప్పుడు వచ్చును, ఎవరికి ముందు వచ్చును, ఎవరికి తరువాత వచ్చునని అడుగుడు. ఆ ప్రశ్నకు సమాధానము బిల్లుతోపాటే సభకు రావలెనని పట్టుపట్టుడు. ఆటోనగరులోని చిన్న యజమాని రేపు ఏ చట్టమునకు లోబడి నిదురలేవవలెనో ఈ రాత్రియే తెలిసికొని నిదురింపగల హక్కు కలవాడు.